పెందుర్తి వెళ్ళొద్దని చెప్పిన రోజు

మొన్న మా అమ్మాయి, "ఒక్కడివే బస్సెక్కకు నాన్నా, డాక్టరుగారు వద్దన్నారు" అంది. డాక్టరు ఆ మాట అనలేదు. ఆ గదిలో నేనూ ఉన్నాను. అయినా సరేనన్నాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అలాంటి అబద్ధమే నేను మా నాన్నకి చెప్పాను.

అమ్మకి మతిమరుపు ముదిరి, పొయ్యి వెలిగించి మర్చిపోవడం, ఇల్లొదిలి ఎటో నడిచిపోవడం మొదలయ్యాక, అలాంటివాళ్ళని చూసుకునే హోమ్ ఒకటి పెందుర్తిలో ఉంటే చేర్చాం. నాన్న స్టీల్‌ప్లాంటు క్వార్టర్‌కి, నా దగ్గరికి వచ్చేశాడు. ముప్పై ఏళ్ళు ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడిపినవాడు. రోజూ పొద్దున్నే చేపల పులుసు తనే వండి, క్యారియర్ పట్టుకుని రెండు బస్సులు మారి వెళ్ళేవాడు. ముళ్ళు తీసి అమ్మకి తినిపించి, పులుసులో చింతపండు ఎంత పడాలో హోమ్ వంటమనిషికి పాఠం చెప్పి మరీ వచ్చేవాడు. సముద్రంలో తూలనివాడు ఒకరోజు సిటీ బస్సు మెట్టు మీద తూలి పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. నేను డ్యూటీ మధ్యలో పరుగెత్తాను. ఫోర్‌మన్ అందరి ముందూ విసుక్కున్నాడు. ఆ సాయంత్రం నాన్నతో, "రోజూ రావొద్దంతన్నారు హోమోళ్ళు. నువ్వెళ్ళొచ్చేక అమ్మ కంగారు పడతందట. ఇకనించి ఆదివారాలు ఎల్దాం" అన్నాను.

"నానెల్తే దానికి కంగారేటిరా?" అన్నాడు. మర్నాడు పొద్దున్న పులుసు వండలేదు.

రెండు నెలలు గడిచాయి. వారం వారం అమ్మ మాట తగ్గుతుంటే జబ్బే అనుకున్నాను. ఒక ఆదివారం హోమ్‌లో పనిచేసే ఆయమ్మ నాన్నని ఆపి, "ఏటి తాతగారూ, రోజూ రావడం మానేసారు? మద్దేనం అయితే మామ్మగారు గేటేపే సూసీవోరు. ఈమద్దె అదీ మానేసారు" అంది. నేను చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను. నాన్న నావైపు తిరగలేదు. "మావోడు ఎల్లమనే అంతన్నాడమ్మా. నాకే కాళ్ళు సాగట్లేదు" అన్నాడు.

లోపల అమ్మ ఆయన్ని చూసి, "ఎవరు బాబూ?" అంది. నాన్న పక్కన కూర్చుని క్యారియర్ విప్పాడు. "సేపలు తెచ్చినోడినమ్మా" అన్నాడు.

షిఫ్టు మార్పించుకుని, ఆ తర్వాత రోజూ నేనే నాన్నని స్కూటర్ మీద దించాను, అమ్మ పోయేదాకా. ఆవిడ ఆయన్ని మళ్ళీ గుర్తుపట్టలేదు. ఆయన నన్నొక్క మాట అడగలేదు. అడిగుంటే తప్పయిందని చెప్పుకోవడానికి కొంచెం చోటుండేది. ఎనిమిది వారాలే కదా పోయాయి అనుకున్నాను నేను. నేను అబద్ధం చెప్పేనాటికి, అమ్మకి ఆయన గుర్తుండే కాలం మిగిలింది అంతే.