చావడి గురించి వచ్చిన ఉత్తరం

ఇది ఇంతవరకు అమ్మకు కూడా చెప్పలేదు. ఏ చిన్న విషయమైనా డైరీలో రాసుకునే అలవాటున్న నేను, ఆ రోజు పేజీలో మాత్రం "ఊరి నుంచి ఉత్తరం వచ్చింది" అని రాసి ఊరుకున్నాను. ఆ ఉత్తరంలో నాలుగు వరుసలు నేను తాతకు చదివి వినిపించలేదు. కావాలనే వదిలేశాను.

తొంభైల మొదట్లో మేం చిక్కడపల్లిలో ఒక ఇంటి కింది పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లం. నేను నారాయణగూడలో డిగ్రీ చదువుతున్నాను. తాత నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నవాడు. తాలూకా కచేరీలో గుమాస్తాగా ఏళ్ల తరబడి ఉర్దూలోనే రాశాడు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఉర్దూ పేపరు ఒక్క అక్షరం వదలకుండా చదివేవాడు. తెలుగు మాత్రం దుకాణాల బోర్డుల వరకే. చేతిరాత అసలు పట్టుబడేది కాదు. అందుకే ఊరి నుంచి వచ్చే నీలం ఇన్‌లాండ్ ఉత్తరాలు చదివి వినిపించడం నాలుగో తరగతి నుంచి నా పని. చదవడం అయ్యాక ఆయన వాటిని గోడకు వేలాడే ఇనుప తీగకు గుచ్చేవాడు.

తాతకు ఊరంటే ఊరి నడుమ ఉన్న మూడు కట్టడాలు. చావడి, బురుజు, పీరీల కొట్టం. చావడికి నల్లరాతి అరుగులు, చేయి పట్టనంత లావు టేకు స్తంభాలు. ఆ అరుగు మీదే ఒక మౌల్వీ సాబు తాతకు అలిఫ్, బే దిద్దించాడట. బురుజు సగం కూలింది, పగుళ్లలో చిలకలు ఉండేవి. పీరీల కొట్టం ఏడాదంతా తాళం వేసి ఉండేది. మొహర్రంలో పీరీల పండుగకే తీసేవారు. చిన్నప్పుడు తనకు జ్వరం తగ్గాలని వాళ్లమ్మ మొక్కుకుని పీరుకు కట్టిన దట్టి గుడ్డ గురించి తాత ప్రతి ఏడూ చెప్పేవాడు. విన్న కథే అయినా నేను వినేదాన్ని. మాట్లాడే పని లేకుండా వినడం నాకెప్పుడూ ఇష్టమే.

ఊరికి వెళ్లడం మాత్రం ఇష్టం లేదు. అంతకుముందు వేసవిలో తాతకు తోడుగా వెళ్లాను. చావడి అరుగు మీద ఆడవాళ్లు నా చుట్టూ చేరారు.

"ఎవరి పిల్లవే? నోట్ల నాలుక లేదా?"

"పట్నం పిల్ల గదా, మనతోని మాట్లాడితె పళ్లు రాలుతయేమో!"

"గింత పిల్లకు అప్పుడే కండ్లద్దాలేంది? గిట్ల పుస్తకాలల్ల తల పెట్టి కూసుంటె ఎవడు చేసుకుంటడే నిన్ను?"

వాళ్లది వేళాకోళమే. నాకు మాత్రం చెవులు కాలిపోయాయి. స్తంభం వెనక్కి జరిగి నిలబడ్డాను. తిరిగొచ్చే బస్సు ఎక్కేదాకా ఎవరి ముఖమూ చూడలేదు.

ఆ తర్వాత వానాకాలంలో వచ్చింది ఈ ఉత్తరం. రాసింది తాత చిన్నప్పటి దోస్తు కొడుకు, ఊళ్లో బడిపంతులు. క్షేమ సమాచారాలు అయ్యాక ఇలా రాశాడు: చావడి స్థలం తన తాతదే అంటూ దొర మనవడు దుకాణాలు కట్టడానికి చూస్తున్నాడు. పాత దొర దాన్ని ఊరికి రాసిచ్చిన ఉర్దూ కాగజు నీ దగ్గర ఉందని నాయిన చెప్పేవాడు. వచ్చే శుక్రవారం పంచాయితీ. ఆ కాగజు తీసుకుని నువ్వే రావాలి, చదివి చెప్పగలిగేవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు.

కళ్లు ఆ వరుసల మీద పడగానే నాకు గౌలిగూడ బస్టాండు, ఊరు, అరుగు మీది ఆడవాళ్లు కనిపించారు. నాన్నకు సెలవు దొరకదు. తాత ఒంటరిగా బస్సెక్కలేడు. తోడు నేనే.

"వానలు మంచిగ పడ్డయట తాతా" అన్నాను. "చిన్నవాళ్లకు దీవెనలు చెప్పమన్నడు."

"గంతేనా?"

"గంతే."

ఆయన ఉత్తరం తీసుకుని తీగకు గుచ్చాడు. శుక్రవారం నేను అశోక్‌నగర్ లైబ్రరీలో చీకటి పడేదాకా కూర్చున్నాను. ముందున్న పుస్తకంలో ఒక్క పేజీ తిప్పలేదు.

నెలన్నర తర్వాత ఆ బడిపంతులే మా ఇంటికొచ్చాడు. నేను మంచినీళ్లు తెచ్చేసరికి గడప దగ్గరే నిలబడి మాట్లాడుతున్నాడు.

"అంత అయిపోయింది కాకా. చావడి కూలగొట్టిండ్రు. టేకు మొద్దులు ఎవరికో అమ్ముకున్నరు. బురుజు రాళ్లు ట్రాక్టర్లల్ల ఏసి పునాదిల పోసిండ్రు. పీరీల కొట్టం ఒక్కటే మిగిలింది, తల్లి లేని పిల్ల తీర్గ."

తాత మంచం కింది ట్రంకు పెట్టె లాగి, గుడ్డలో చుట్టిన కాగితం తీసి మోకాళ్ల మీద పరిచాడు. ఉర్దూలో చదువుతూ, తెలుగులో చెబుతూ పోయాడు.

"తూర్పుకు బురుజు. పడమర పీరీల కొట్టం. ఉత్తరం దిక్కు బండ్ల బాట. దక్షిణం చేదబావి. ఈ నడుమ ఉన్న చావడి ఊరందరిది."

పంతులు ముఖం తుడుచుకున్నాడు. "గిది చేతిల ఉంటె ఆగుతుండె కాకా. అందుకే గదా ఉత్తరం రాస్తి? ఎందుకు రాకపోతివి?"

తాత గోడ మీది తీగ వైపు చూశాడు. తర్వాత నా వైపు.

"నాకు అందలేదురా" అన్నాడు తాత. "పోస్టుల ఏడనో పోయుంటది."

ఆయన అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. పంతులు వెళ్లాక నన్ను ఏమీ అడగలేదు. ఆ తర్వాత కూడా అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో రోజూ మనసులో కూడగట్టుకునేదాన్ని. రాసి చించేసిన పేజీలు ఎన్నో. ఆయన మాత్రం ఎప్పటిలాగే "తిన్నవా బిడ్డా?" అనేవాడు. మూడు కట్టడాల కథలు మాత్రం ఆగిపోయాయి. పీరీల పండుగ వచ్చింది, పోయింది. దట్టి మాట ఎత్తలేదు.

చలికాలంలో తాత పోయాడు. మధ్యాహ్నం నేను కాలేజీలో ఉన్నప్పుడు, అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే. ఆ పొద్దున పోస్టుమాన్ ఊరి నుంచి ఒక ఉత్తరం ఇచ్చి వెళ్లాడు. తాత దాన్ని విప్పి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వేలితో అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నాడు. నేను చెప్పులేసుకుంటూ ఆగాను. ఈసారి ఒక్క ముక్క వదలకుండా చదువుతానని, పాతదాని సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తానని అనుకుని చేయి చాపాను.

"ఇయ్యి తాతా, నేను చదువుత."

ఆయన ఉత్తరాన్ని మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోపంగా లేడు. నా భుజం మీది సంచి సరిచేశాడు.

"వద్దులే బిడ్డా, నీకు కాలేజీకి టైమైతది. ఎవరన్న వస్తె చదివించుకుంట."