సరసమ్మ ఎక్కించుకున్న రెండో కంపెనీ మందు

తిరుత్తణిలో సరసమ్మతో నోరు పెట్టుకోవాలంటే పోలీసులు కూడా కాస్త ఆలోచిస్తారు. మొగుడు పోయాక రెండు మగ్గాలను ఒంటిచేత్తో నడిపిన మనిషి. ఆమె సొంతంగా కట్టిన నెమలికన్ను చీర అంచును వీధి చివరి వీరరాఘవ చూసి, తన పవర్‌లూమ్ మీద దించేసి సగం ధరకు అమ్మినప్పుడు, అతని దుకాణం ముందు నిలబడి ఏడు తరాలనూ పేరుపేరునా పలకరించింది. నకలు అన్న మాట వింటేనే ఆమెకు ఒళ్లు మండేది.

అలాంటి మనిషికి రొమ్ములో గడ్డ వచ్చింది. చెన్నై ఆస్పత్రిలో ఆపరేషను చేశారు, కీమో ఎక్కించారు. దాంతోపాటు ఏడాదిపాటు మరో ఇంజక్షన్ పడాలన్నారు. దాన్ని మొదట కనిపెట్టిన కంపెనీ పేటెంటు గడువు తీరిపోయిందనీ, ఇప్పుడు మన దేశపు కంపెనీలు కూడా అలాంటి మందే చేస్తున్నాయనీ, ధర బాగా తక్కువనీ డాక్టరు విద్యాలక్ష్మి చెప్పింది.

తోడొచ్చిన అన్న ధర్మలింగానికి తల కొట్టేసినట్టయింది. తిరువళ్లూరులో అంత పెద్ద బట్టల దుకాణం పెట్టుకుని చెల్లెలికి చవక మందా? ఒరిజినలే రాయమన్నాడు. కావాలంటే కె.జి.కండిగైలోని చేను అమ్మేస్తానన్నాడు.

సరసమ్మ బాధ వేరు.

"ఒగడు కష్టపడి కనిపెట్టిందాన్ని ఇంకొగడు చూసి దించినాడు. ఆ పోలి సరుకును, నకలును, నా ఒంట్లోకి ఎక్కిస్తారా? సస్తే సస్తా గానీ దొంగసొత్తు ఏసుకోను."

డాక్టరు నవ్వు ఆపుకుంది. ఇది దొంగతనం కాదని, ఇరవై ఏళ్లు ఇంకెవరూ చేయకుండా మొదటివాడికి చట్టమే హక్కు ఇచ్చిందని చెప్పింది. బతికున్న కణాల్లో పెంచే మందు కాబట్టి రెండు కంపెనీలవి అచ్చు గుద్దినట్టు ఉండవనీ, గుణంలో తేడా లేదని రోగుల మీద పరీక్షించి తేల్చాకే అమ్మనిస్తారనీ వివరించింది.

సరసమ్మ విని ఒక్కటే అడిగింది.

"ఇరవై ఏండ్లు వాడొగడే అమ్ముకున్నాడా?"

"అవునమ్మా."

"నా నెమలికన్నుకు ఇరవై దినాలు గూడా దొరకలేదు. వాడు తిన్నది చాల్లే, రెండోవాడిది ఏయండి."

చేను మిగిలింది గానీ ధర్మలింగం పరువు కుదుటపడలేదు. చెల్లెలికి నేరుగా ఫారిన్ నుంచే మందు తెప్పిస్తున్నానని దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పసాగాడు. ఒకరోజు ఆస్పత్రి నుంచి తిరిగొస్తూ దుకాణంలో దిగిన సరసమ్మ ఆ మాట స్వయంగా వింది.

"యాడి ఫారిన్ అన్నా? మన దేశంలో చేసిందే గదా నాకు ఏస్తా ఉండేది," అంది, అందరూ ఉండగానే.

ధర్మలింగం మడత పెట్టిన చీరనే మళ్లీ విప్పి మడత పెట్టాడు. అయితే చీర బేరమాడుతున్న జ్యోతిక అనే ఊత్తుకోట ఆవిడ బేరం మానేసి ఆ మందు ధర అడిగింది. ఖర్చు భరించలేక వాళ్ల అత్తకు అదే ఇంజక్షన్ మధ్యలో ఆపేశారట. మరుసటి విడతకు సరసమ్మ ఆ అత్తాకోడళ్లను వెంటబెట్టుకుని వెళ్లింది. దారంతా అత్తను నవ్విస్తూ, కోడల్ని తిడుతూ.

ఏడాది నిండింది. స్కాన్‌లో గడ్డ జాడ లేదు. కీమోకు ఊడిన జుట్టు ఉంగరాలు తిరిగి మొలిచింది. అప్పుడు వదిన వల్లియమ్మ ఒక మాట బయటపెట్టింది: నయమైతే సరసమ్మ చేత తలనీలాలు ఇప్పిస్తానని కొండ మీది మురుగన్‌కు మొక్కుకుందట.

"ఆ సామి వాటా ఆస్పత్రిలోనే రాలిపాయ. మొక్కింది నువ్వు గదా వదినా, నీదే ఇచ్చుకో," అంది సరసమ్మ.

దేవుడి మాట కాబట్టి వల్లియమ్మే కొండెక్కి గుండు కొట్టించుకుంది. కొండ దిగేటప్పుడు సరసమ్మ తన ఉంగరాల జుట్టు సవరించుకుంటూ, వదిన గుండుకు చందనం అంటని చోట్లు చూపించింది.