కొబ్బరినూనె తాగిన తుపాకీ

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఎవరికీ దెబ్బ తగలదు. మనిషికీ తగలదు, జింకకీ తగలదు. పోయింది నా పరువొక్కటే. అదైనా ఇంట్లో పోతే సర్దుకునేవాణ్ణి. ఆదివారం ఆరాధనలో, మైకు సాక్షిగా పోయింది. ఏళ్ళు గడిచినా ఆ సంగతి తలుచుకుంటే నాకు సిగ్గు రాదు, కోపం వస్తుంది. ఎందుకంటే అందులో నా తప్పు చాలా తక్కువ. చదివి మీరే తీర్పు చెప్పండి.

మేముండేది నార్త్ కరొలైనాలో, క్యారీ ఊళ్ళో. నేను ఒక మందుల కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. మా తెలుగు సంఘానికి సొంత చర్చి లేదు. ఒక అమెరికన్ చర్చి హాలులో మధ్యాహ్నాలు కూడుకుంటాం. ఏటా నవంబరులో కోత పండుగ చేస్తాం. పెరట్లో పండించినవి తెచ్చి బల్ల ముందు పెట్టి, ప్రార్థన చేసి, తర్వాత ప్రేమవిందు పేరుతో అందరం కలిసి భోంచేస్తాం. నన్ను బావా అని పిలిచే మా జోసెఫ్ ఏటా సొరకాయలు తెస్తాడు. ఒక్కొక్కటి పసిపిల్లాడంత ఉంటుంది. పాస్టర్ గారు వాటి మీద చేతులుంచి, ప్రసంగంలో సగం వాటికే కేటాయిస్తారు. మా పెరట్లో గడ్డి తప్ప ఏదీ మొలవదు కాబట్టి నేను ఏటా కొట్లో కొన్న బియ్యం బస్తా మోసుకెళ్తాను. దాని గురించి ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడరు.

ఆ ఏడు పండుగకి నెల ముందు పాస్టర్ గారు అందర్నీ అడుగుతూ నా దగ్గరికి వచ్చారు.

"శామ్యూల్ గారూ, ఈసారి మీరేం తెస్తున్నారండీ?"

నేను నోరు తెరిచేలోగా జోసెఫ్ అందుకున్నాడు. "ఆయనదేముందండీ, బియ్యం బస్తాయే కదా. ట్రంక్‌లోంచి డైరెక్ట్‌గా దింపేస్తాడు."

హాలంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

"జింక," అన్నాను.

"ఏంటండీ?"

"జింకండీ. వేటాడి తెస్తాను. ప్రేమవిందుకి జింక మాంసం కూర మాదే."

నవ్వు ఆగిపోయింది. జోసెఫ్ మొహం చూసి నాకు కడుపు నిండింది. పక్కన మా ఆవిడ సునీత నా చెయ్యి గిల్లింది కానీ, అన్న మాట అనేశాను, వెనక్కి తీసుకునేది లేదు.

నేను వట్టి కోతలు కొయ్యలేదు. సిటిజన్‌షిప్ వచ్చాక ముచ్చటపడి వేట క్లాసు పాసయ్యాను, లైసెన్సు తీసుకున్నాను. లేనిదల్లా తుపాకీ. అది మా పక్కింటి వాల్టర్ దగ్గర ఉంది. వాల్టర్ రిటైరైన పళ్ళ డాక్టరు. వాళ్ళ నాన్నగారి నాటి తుపాకీ ఒకటి అతని గరాజ్ గోడకి వేలాడుతుండేది. మనవైపు నాటు తుపాకీ అంటామే, ఆ రకం. మూతిలోంచి మందు పోసి, గుండు పెట్టి, పొడుగాటి కర్రతో దట్టించాలి. వెనక సుత్తి కింద చిన్న గొట్టం ఉంటుంది. దాని మీద కేపు తొడిగి, దీపావళి పిస్తోలులా ట్రిగ్గర్ నొక్కితే కేపు పేలుతుంది, ఆ నిప్పు గొట్టంలోంచి లోపలికి వెళ్ళి మందు అంటుకుంటుంది. ఇక్కడ ఇలాంటి తుపాకులకి వేరే వేట సీజనే ఉంది.

"బాగు చేసుకుంటే ఈ సీజన్‌కి నువ్వే వాడుకో సామ్. తుప్పు వదిలించి, వేడినీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి, నూనె పట్టించాలి," అన్నాడు వాల్టర్.

"ఏ నూనె?"

"పెట్రోలియం నూనెలు మాత్రం వద్దు. ఈ మందుతో కలిస్తే జిగురు కడుతుంది. నేచురల్ నూనె ఏదైనా పరవాలేదు."

ఏదైనా పరవాలేదు! ఈ మాట దయచేసి గుర్తు పెట్టుకోండి. అన్నది నేను కాదు, వాల్టర్.

ఆ మరుసటి శనివారమంతా మా గరాజ్‌లో కూర్చుని తోమాను. సునీత పాత వాయిల్ చీర చింపి, ముక్కలు కర్రకి చుట్టి, తుపాకీ గొట్టంలోకి తోసి తీశాను. మొదట గుడ్డ నల్లగా వచ్చింది, తర్వాత ఎర్రగా వచ్చింది, చివరికి తెల్లగా వచ్చింది. లోపల టార్చి వేసి చూస్తే అద్దంలా మెరిసింది. ఇక నూనె. నేను కోనసీమ వాణ్ణి. నేచురల్ నూనె అంటే నాకు ఏం గుర్తొస్తుంది? మా అత్తగారు అమలాపురం నుంచి పంపించిన గానుగ కొబ్బరినూనె వంటింట్లో ఉంది. చెట్టు నుంచి వచ్చింది, మనుషులు ఆడించింది. కొబ్బరికాయలేమైనా పెట్రోలు బావిలో కాస్తాయా, మీరే చెప్పండి?

అయినా ఆ రోజుల్లో నాకు కొలత అంటే ఏమిటో తెలియదు. పసిబిడ్డకి తలంటు పోసేముందు పట్టిస్తామే, అంత ధారాళంగా పట్టించాను. గొట్టంలో పోశాను, సుత్తికి పోశాను, కేపు గొట్టంలో వేలితో చుక్కలు చుక్కలుగా వదిలాను.

సునీత వచ్చి డబ్బా ఎత్తి చూసింది. "అయ్యో! మా అమ్మ పంపిన నూనెండీ అది! నా తలకి కూడా నేను చూసి చూసి రాసుకుంటున్నాను."

"తుపాకీ పని చెయ్యాలా వద్దా?"

"అది పేలుతుందా అసలు? వందేళ్ళ నాటిదంటున్నారు. పేలి మీ మొహం మీదకి వస్తేనో?"

"నీకు నా మీద నమ్మకం లేదు," అన్నాను.

"లేదు," అంది నిజాయితీగా, వెళ్ళిపోయింది.

తుపాకీని మూతి పైకి, మడమ కిందకి గరాజ్ మూల నిలబెట్టాను. గరాజ్ వెచ్చగా ఉంది. మిగిలిన నూనె అంతా దారి చూసుకుని, మెల్లగా ఆ కేపు గొట్టంలోకి దిగి కూర్చుందన్న సంగతి నాకెవరు చెప్తారు? వేటకు ముందు నూనె తుడవమని వాల్టర్ చెప్తే తుడిచాను. పెద్ద గొట్టమంతా చీర ముక్కతో తుడిచాను. కేపు గొట్టానిది పిన్నీసు దూరేంత బెజ్జం, అందులో చీర ముక్క ఎలా దూరుతుంది?

పండుగ ఆదివారం. ముందు రోజు తెల్లవారకముందే వాల్టర్ ట్రక్కులో వాళ్ళ తమ్ముడి పొలానికి వెళ్ళాం. చలి ఎముకలు కొరుకుతోంది. నారింజ రంగు కోట్లు తొడుక్కుని, తుపాకీ దట్టించి, పొలం గట్టున ఓక్ చెట్టు మొదట్లో కూర్చున్నాం. సూర్యుడు రాగానే జింక కూడా వచ్చింది. నేను పిలిచినట్టే వచ్చింది. మగ జింక, కొమ్ములు పెద్ద పెద్దవి. పక్కకి తిరిగి, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడింది. నాకు కనిపించింది జింక కాదు, జోసెఫ్ మొహం. గురి చూశాను. నొక్కాను.

టక్.

కేపు పేలింది. అంతే. ఆ తర్వాత ఏమీ జరగలేదు.

"దించకు!" అన్నాడు వాల్టర్ గొంతు తగ్గించి. "అలాగే ముందుకి పట్టుకో. ఆలస్యంగా పేలొచ్చు."

పట్టుకున్నాను. చేతులు లాగుతున్నాయి. జింక తల తిప్పి మా వైపు చూసి, మళ్ళీ గడ్డి మేసుకుంది. కాసేపు ఆగి ఇంకో కేపు పెట్టాను. టక్. జింక ఈసారి రెండడుగులు దగ్గరికి వచ్చింది. ఏం జరుగుతోందో తెలుసుకోవాలని దానికి కూడా ఉన్నట్టుంది. మూడో కేపుకి అది విసిగిపోయి, తోక ఊపుకుంటూ అడవిలోకి నడిచి వెళ్ళిపోయింది. పరిగెత్తి ఉంటే నాకు కాస్త గౌరవం మిగిలేది. నడిచి వెళ్ళింది!

వాల్టర్ తుపాకీ తీసుకుని, కేపు గొట్టాన్ని చిన్న రెంచితో విప్పి, వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. పళ్ళు చూసి చూసి అలవాటైన మనిషి కదా, ఒక కన్ను మూసి బెజ్జంలోకి తేరిపార చూశాడు.

"మూసుకుపోయింది. తెల్లగా ఏదో ఉంది. మైనం పెట్టావా?"

"మైనం ఎందుకు పెడతాను?"

వాసన చూశాడు. "పుట్టినరోజు కేకు వాసన వస్తోంది, సామ్."

పుల్లతో గీకి నా అరచేతిలో వేశాడు. తెల్లటి పలుకు. అరచేతి వెచ్చదనానికి నా కళ్ళ ముందే కరిగి నూనె బొట్టయింది. అప్పుడు తట్టింది నాకు. చలికాలం పొద్దున్న కొబ్బరినూనె సీసా ఎండలో పెట్టకుండా తలకి రాసుకున్న తెలుగువాడు ఎక్కడైనా ఉన్నాడా? పేరుకుంటుందని పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. అమలాపురంలోనే పేరుకునే నూనె, నార్త్ కరొలైనా చలిలో పేరుకోకుండా ఉంటుందా?

"కొబ్బరినూనె! ఏదైనా పరవాలేదన్నావు కదా!" అని అరిచాను.

"గడ్డకట్టనిది ఏదైనా," అన్నాడు వాల్టర్. "మీ ఊళ్ళో కొబ్బరిచెట్లు బాగా ఉంటాయా?"

"చాలానే ఉంటాయి," అన్నాను.

ఇంటికొచ్చి చెప్తే సునీత నవ్వలేదు. కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, పెదాలు కదిపింది. నా బాధ చూసి ప్రార్థిస్తోందనుకుని కరిగిపోయాను. సాయంత్రం వెళ్ళి మేక మాంసం కొనుక్కొచ్చి కూర వండింది. "ఇది మేకే అని అందరికీ చెప్పేద్దామండీ. దేవుడి పండుగలో అబద్ధమెందుకు," అంది. సరే అన్నాను. మెల్లగా, వడ్డించేటప్పుడు, ఇద్దరు ముగ్గురితో చెప్తుందనుకున్నాను.

ఆదివారం పాస్టర్ గారు, "దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నారు. సునీత లేచింది. మైకు అందుకుంది.

"ప్రభువు నామమున అందరికీ వందనాలు. మా వారు పాత తుపాకీ పట్టుకుని వేటకి వెళ్తానన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదండి. అది పేలితే ఈయన మొహం ఏమవుతుందోనని మన స్త్రీల కూడికలో విన్నపం పెట్టాను. ఆ తుపాకీ పేలకూడదని మీరంతా నెల రోజులు ప్రార్థించారు. దేవుడు ఆలకించాడు. మూడుసార్లు నొక్కినా పేలలేదు. ఈయన క్షేమంగా తిరిగొచ్చారు."

హాలంతా ఒక్క గొంతుతో "స్తోత్రం!" అంది. పాస్టర్ గారు చేతులెత్తి, "నేనూ రోజూ ఆ విన్నపం తలుచుకున్నానమ్మా," అన్నారు. వెనక వరసలోంచి జోసెఫ్ లేచి నిలబడ్డాడు. అతని కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి.

"నేనైతే మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను, బావా," అన్నాడు.

విన్నారు కదా! వాల్టర్ నాన్నగారి తుపాకీని తోమి, మా అత్తగారి నూనె ఖాళీ చేసి, చలిలో కూర్చుని నేను పాటుపడుతుంటే, నా వెనక నెల రోజులుగా మొత్తం సంఘం మోకాళ్ళ మీద ఉంది, నాకు వ్యతిరేకంగా! కొబ్బరినూనెని తిట్టి ఏం ప్రయోజనం? వాల్టర్‌ని తిట్టి ఏం ప్రయోజనం? ఆవుకొవ్వు రాసినా, ఆముదం రాసినా అది పేలేది కాదు.

కాబట్టి ఇందుమూలంగా, కోపం చల్లారకుండానే, ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇంకెప్పుడైనా వేటకు వెళ్తే, ఆ సంగతి ముందుగా జింకకైనా చెప్తాను గానీ, మా స్త్రీల కూడికకి మాత్రం తెలియనివ్వను.