పసుపు నీళ్ళలో తాబేళ్ళు

పెళ్ళయిన రెండో ఏడు. తిరుపతి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మా ఆయనకు మద్రాసులోని గురువుగారి దగ్గరనుంచి ఒక చెక్కపెట్టె వచ్చింది. లోపల గడ్డి మధ్య రాతి పెంకులు.

"కోట్ల ఏండ్ల నాటి తాబేటి డిప్పలు. రాయయిపోయినాయి. బొమ్మలు గీసి పంపమన్నారు. నన్ను నమ్మి ఇచ్చిన మొదటి పని ఇది!" అని మురిసిపోయారు.

నాకు వినిపించింది ఒక్కటే: చచ్చిన జంతువు ఎముకలు ఇంట్లోకొచ్చాయి. మాది ఆచారపు ఇల్లు. నాకేమో శుభ్రం పిచ్చి, పైగా ముక్కు మీద కోపం. ఆయన కాలేజీకి వెళ్ళగానే పెంకులన్నీ పసుపు నీళ్ళలో నానబెట్టి, కొబ్బరి పీచుతో తోమి, పెరట్లో చాప మీద ఆరబెట్టాను. వాటికి అంటించిన కాగితం ముక్కలు నీళ్ళలో తేలితే చెత్తనుకుని పారబోశాను.

సాయంత్రం ఆయన చాప చూసి, ఒక్కో పెంకూ తిప్పి తిప్పి చీటీ కోసం వెతికారు. "ఏం చేసినావే! ఏ పెంకు యాడ దొరికిందో ఆ చీటీల్లోనే ఉండాది. ఇంక గురువుగారికి ముఖం ఎట్లా చూపించేది?"

అన్నం ముట్టలేదు. నాకు ఏడుపొచ్చింది. తప్పు నాదేనని చెప్పడానికి నోరు రాక, చేతులకు పని చెప్పాను.

మర్నాడు పెంకులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. కడిగాక వాటి ముఖాలు తేటపడ్డాయి. కొన్ని నున్నగా ఉన్నాయి. కొన్ని ఉలితో గంట్లు కొట్టిన రుబ్బురోలులా గుంటలు గుంటలుగా ఉన్నాయి. కొన్నిటి మీద మెలికల ముగ్గు లాంటి గీతలు. మూడు కుప్పలు పెట్టాను.

"రెండే జాతులే. ఈ గీతలవి కూడా గుంటలవే, అరిగినాయి అంతే" అన్నారాయన.

నాకు ఒళ్ళు మండింది. "బుద్ధెరిగినప్పటి నుంచి రుబ్బుతా ఉండాను. రోలు అరిగితే నున్నగవుతాది గానీ, గీతలు మొలుస్తాయా?"

ఆయన భూతద్దం తెచ్చి చాలాసేపు చూశారు. మూడో రకం తాబేలే! తలా కాళ్ళూ మిగలకపోయినా, ఆ కాలంలో ఎన్ని రకాల తాబేళ్ళు బతికాయో డిప్ప మీది చెక్కడమే చెబుతుందని నాకు వివరించారు. నేను అప్పటికే కనుక్కున్న సంగతి కాబట్టి పెద్దమనసు చేసుకుని విన్నాను.

ఇక జాబు రాయాలి. "చీటీలు రైల్లోనే ఊడిపోయినాయని రాయి నాయనా" అన్నారు మా అత్తగారు. ఆయన కాసేపు తటపటాయించారు కూడా.

"నేను కడిగినానని రాయండి. తప్పు నాది" అన్నాను. అలాగే రాశారు, మూడు కుప్పల సంగతితో సహా. పెంకుల బొమ్మలూ కొలతలూ జతచేశారు.

వారాలు గడిచినా జవాబు లేదు. టపా మనిషి మా ఇంటి ముందు ఆగకుండా దాటిపోయినప్పుడల్లా ఆయన ముఖం చూడలేకపోయేదాన్ని. చివరికి ఇంకో పెట్టె వచ్చింది. ఈసారి ప్రతి పెంకుకూ తీగతో అంకె వేసిన రేకుబిళ్ళ కట్టి ఉంది. పైన గురువుగారి జాబు: పాత పెంకుల కొలతలూ, ఏది ఎక్కడ దొరికిందీ రాసిన నకలు తమ దగ్గర ఉందట. మేం పంపిన కొలతలతో పోల్చి చూస్తే, గీతలవన్నీ ఒకేచోట దొరికినవేనట, అది వేరే జాతేనట. ఈ పెంకులు కూడా మా ఇంట్లోనే కడిగించి, ఎన్ని రకాలో ముందు నన్నడిగి రాయమన్నారు.

ఆయన ఆ జాబు రెండుసార్లు చదివి, పెట్టె తెచ్చి నా ముందు పెట్టి, వంటింట్లోకి నడిచారు.

"పసుపు యాడుండాదే?"