రెండు పొయ్యిల ఇల్లు

మా ఇంట్లో రెండు పొయ్యిలుండేవి. వంటగదిలో ఉన్నది అమ్మది, పెరటి వసారాలో ఉన్నది మామ్మది. అందరి ఇళ్ళలోనూ ఇలాగే ఉంటాయని చాలాకాలం అనుకున్నాను. ఒకసారి స్నేహితురాలి ఇంటికి వెళ్ళి, మీ మామ్మ పొయ్యి ఎక్కడే అని అడిగి నవ్వులపాలయ్యాక, వింత మాదేనని తెలిసింది.

సంగతేమిటంటే, వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టిన మా నాన్న, మిషను బడిలో పాఠాలు చెప్పే మా అమ్మని ఇష్టపడి పెళ్ళాడి, ఆమె కోసం బాప్తిస్మం కూడా తీసుకున్నాడు. మామ్మకి ఆయనొక్కడే కొడుకు. కులం పోయిందనీ, దేవుడు పోయాడనీ ఆమె వీధి మధ్యన కూలబడి ఊరంతా వినేలా ఏడ్చిందట. ఏడ్చి ఏడ్చి, ఆఖరికి తన తీర్పు తనే చెప్పుకుంది. కొడుకుని వదలదు. కోడలి చేతి కూడు తినదు. నేను పుట్టకముందే వసారాలో మట్టిపొయ్యి వేసుకుని, తన కుండలో తన బియ్యం వండుకోవడం మొదలుపెట్టింది.

నాకు ఊహ తెలిసేసరికి కోపం చాలావరకు పోయింది, పొయ్యి మాత్రం మిగిలింది. అత్తాకోడళ్ళిద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీసేవారు. ఒకరి తలలో ఒకరు పేలు చూసుకునేవారు. నాన్న సంతకెళ్ళి ఆలస్యం చేస్తే ఇద్దరూ కలిసి తిట్టేవారు. తిండి దగ్గరికి వచ్చేసరికి ఎవరి దారి వారిదే.

మధ్యలో బాగుపడింది నేను. బడి నుంచి మధ్యాహ్నం వస్తే మామ్మ దగ్గర అన్నం, గోగుకూర. రాత్రి అమ్మ దగ్గర. కళింగపట్నం నుంచి ఎండు నెత్తళ్ళ చేపలు అమ్మే మనిషి వచ్చిందంటే ఆ పూట రెండు పొయ్యిల మీదా పులుసే, నేను రెండు చోట్లా కూర్చునేదాన్ని. "దీనిది కడుపేటి, గాదేటి?" అనేది మామ్మ, ఇంకో గరిటె వేస్తూ.

మా ఊరు నరసన్నపేట నుంచి కోటబొమ్మాళి వెళ్ళే దారిలో, రోడ్డుకి కాస్త లోపలికి ఉంటుంది. అరవైలు ముగిసిపోతున్న రోజులు. ఒక సెలవు రోజు పొద్దున్న ఒకాయన భుజాన సంచీ వేసుకుని మా అరుగు ఎక్కాడు. దేశమంతటా జనాభా లెక్కలు రాబోతున్నాయనీ, అప్పుడు ఏ ప్రశ్న ఎలా అడగాలో సరిచూసుకోవడానికి ముందుగా కొన్ని ఊళ్ళలో మచ్చుకు అడుగుతున్నారనీ చెప్పాడు. గుంటూరు వైపు మనిషి, అండీ అనకుండా మాట ముగించేవాడు కాదు. మామ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, "ఏ దేశం బావూ మీది?" అంది.

"ఇదే దేశమండీ. గుంటూరు జిల్లా."

"అదే, దూరమే" అని తేల్చేసి, కూర్చోవడానికి పీట వేసింది.

ఆయన మామ్మని పుట్టిన ఊరు అడిగాడు. పర్లాకిమిడి అవతల ఒక పల్లె పేరు చెప్పింది. అయితే ఒరిస్సా అన్నమాట అంటూ ఆయన రాయబోయాడు.

"నాను పుట్టినప్పుడు ఒరిస్సా కాదు బావూ, మనదే. నాకు పెళ్ళయి ఇక్కడికొచ్చీసినాక ఆ ఊరు ఒరిస్సా ఎల్లిపోనాది."

"ఊరు వెళ్ళిపోవడమేంటండీ?"

"నన్నడిగితే? ఊరినడుగు."

మాతృభాష దగ్గర ఇంకా తిప్పలు పెట్టింది. వాళ్ళమ్మ తిట్టడం ఒరియాలో తిట్టేదట, ముద్దుచెయ్యడం తెలుగులో చేసేదట. రెండూ రాసుకోమంది. ఒకటే రాయాలన్నాడాయన. "అయితే తిట్లు వదిలీ, తెలుగే రాసుకో" అంది. అందరం నవ్వాం, ఆయన కూడా నవ్వాడు. మతం అడిగినప్పుడు అమ్మానాన్నలు క్రైస్తవులని, మామ్మ హిందువని రాసుకుని, నా దగ్గరికొచ్చి పెన్ను ఆపాడు. మా చర్చిలో పిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. బుద్ధి తెలిసి, తనంతట తాను ఒప్పుకున్నాకే నీళ్ళలో ముంచుతారు. నాకింకా కాలేదు. మరి నేనేమిటి? నాన్న "అదింకా చిన్నపిల్లండి" అన్నాడు, అదేదో మతం పేరైనట్టు.

నాకు పద్నాలుగేళ్ళు అప్పుడు. ప్రతిదానికీ బుర్రలో చిక్కులు వేసుకునే స్వభావం. ఊరు కదలకుండా వేరే రాష్ట్రానికి ఎలా పోతుంది? మామ్మకి ఉన్న రెండు భాషల్లో ఒకటి కొట్టేస్తే మిగిలినది నిజమెలా అవుతుంది? ఇన్నాళ్ళూ మాకు మేం తెలిసే ఉన్నామనుకున్నాను. ఆయన అడుగుతున్నకొద్దీ తెలిసినవి కూడా తెలియకుండా పోతున్నాయి.

అయినా అంతవరకూ సరదాగానే ఉంది. అప్పుడాయన, "ఇంట్లో వంట ఒకటేనా అండీ?" అన్నాడు.

నాన్న చూరు కేసి చూశాడు. కష్టమైన మాట వచ్చినప్పుడల్లా నాన్నకి చూరులో ఏదో పని తగిలేది. అమ్మే మెల్లగా, "రెండు పొయ్యిలండి" అంది.

"అయితే రెండు కుటుంబాలు" అంటూ ఆయన ఇంకో కాగితం తీశాడు. ఒక కప్పు కింద ఉన్నా సరే, ఒకే వంట తినేవాళ్ళే ఒక కుటుంబమనీ, వంట వేరైతే కుటుంబం వేరనీ, ఇది తన మాట కాదు, పద్ధతి ఇంతేననీ ఓపిగ్గా చెప్పాడు. "ఇటు మీరంతా. అటు పెద్దావిడ ఒక్కరు. ఆ కుటుంబానికి ఆవిడే యజమాని."

మామ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె మొహం నేను చూడలేకపోయాను.

"నానొక్కర్తినా?" అంది. "కొడుకింట్లో ఉండి ఒక్కర్తినెలగయిపోనాను? నాను ఏరుపడనేదు బావూ. ఏరే వొండుకుంతన్నాను, అంతే."

"వండుకోవడం వేరైతే అదేనమ్మా వేరుపడటం."

"ఎవులు సెప్పినారు?"

ఆయన చేతిలో కాగితం తిప్పి చూపించాడు. నాకు తెలియలేదు. ఆయన ఒక్క మాటతో మమ్మల్ని విడదీశాడా, లేక మేం ఎప్పుడో విడిపోయి ఉంటే ఆయన వచ్చి చెప్పేదాకా గమనించలేదా? ఆ గుంటూరు మనిషి మీద ఒళ్ళు మండింది. ఆయన తప్పేమీ లేదని కూడా తెలుస్తూనే ఉంది.

అంతలో ఆయన నా వైపు తిరిగాడు. "మరి పాప ఎక్కడ తింటుందండీ?"

"రెండు చోట్లా" అన్నాను.

"రెండు చోట్లా రాయకూడదమ్మా. ఒక మనిషి ఒక్కచోటే ఉండాలి. ఎక్కువగా ఎక్కడ తింటావు?"

నేను నిజంగానే ఆలోచించాను. పగలు మామ్మ దగ్గర, రాత్రి అమ్మ దగ్గర. పొద్దున్న తినే చద్దన్నం రాత్రి అమ్మ వండినదే, కానీ అందులోకి ఆవకాయ మామ్మది. అది ఎటు పడుతుంది? తెలియదన్నాను.

"దాన్ని అత్త దగ్గర రాయండి" అంది అమ్మ.

అందరం అమ్మ వైపు చూశాం. "అత్తని ఒక్కదాన్నీ రాయకండి. పిల్ల ఆవిడతో ఉందని రాయండి" అంది మళ్ళీ. 

మామ్మ గయ్యిమంది. "నీ కడుపున పుట్టిన గుంటని నాకు దారబోస్తావేటే? ఉన్నదొక్కర్తి! వొద్దు బావూ, దాన్ని తల్లి దగ్గరే రాసీ. నాను ఒక్కర్తినే ఉంటాను, నాకేటి?"

"అది పగలంతా నీ దగ్గరే ఉంటాది కదత్తా!"

"ఉంటే? నీ పిల్ల కాకుండా పోతాదేటి?"

ఇద్దరూ ఒకరి మీద ఒకరు కేకలు వేసుకుంటూ నన్ను ఒకరికొకరు ఇచ్చేసుకుంటున్నారు. ఎవరు దేన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డారో ఇప్పుడు తెలుస్తోంది గాని, ఆ పూట నాకు తెలిసిందల్లా ఒక్కటే, నేను ఎవరికీ అక్కర్లేదని. లోపలికి పోయి తలుపు చాటున వెక్కి వెక్కి ఏడ్చాను. నాన్న ఇంకా చూరులోనే ఉన్నాడు.

లెక్కలాయన కాగితాలు సంచీలో పెట్టేసుకున్నాడు. వీధిలో మిగిలిన ఇళ్ళు చూసుకుని సాయంత్రం మళ్ళీ వస్తాననీ, ఈలోగా తేల్చుకోమనీ చెప్పి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నమైనా మామ్మ పొయ్యి వెలిగించలేదు. నేను ఆకలేసి వసారాలోకి వెళ్తే, బియ్యం కడిగి పెట్టుకుని కూడా, చల్లటి పొయ్యి ముందు కూర్చుని పుల్లతో బూడిద కెలుకుతోంది. నా వైపు చూడకుండానే, "మీ అమ్మ వొండీసినాదేటే?" అంది.

"ఎసరు పెట్టింది."

మామ్మ లేచింది. తన చిన్న కుండ ఎత్తి చంకన పెట్టుకుని నడిచింది. వంటగది గడప దగ్గర ఆగింది. ఆమె ఆ గడప దాటగా నేనెప్పుడూ చూడలేదు. నాకెందుకో భయమేసింది, ఆపాలనిపించింది కూడా.

"ఓలమ్మీ, పక్కకి జరుగు" అంది అమ్మతో.

అమ్మది జంట పొయ్యి. ఒక్కచోట పుల్లలు పెడితే మంట రెండు కుండలకీ తగిలేది. అమ్మ కూర దాక దించేసింది. మామ్మ అక్కడ తన కుండ పెట్టింది.  అమ్మ పుల్లలు ఎగదోస్తే మామ్మ ఊదింది. తినేటప్పుడు మామ్మ తన అన్నమే తింది, అమ్మ వండినది ముట్టుకోలేదు. కానీ ఆ గదిలోనే, గోడకి ఆనుకుని కూర్చుని తింది. నాకు ఏ కుండలోంచి పెట్టాలో తోచక చెరో గరిటె వేశారు.

సాయంత్రం లెక్కలాయన రాగానే మామ్మ ఆయన్ని చెయ్యి పట్టుకుని వంటగది గుమ్మం దాకా తీసుకొచ్చింది. "సూడు. ఒకటే పొయ్యి. ఇప్పుడు రాసుకో."

ఆయన తొంగి చూశాడు. "కుండలు రెండున్నాయి కదమ్మా?"

"నివ్వడిగింది పొయ్యి. కుండల సంగతి నీకెందుకు?"

"వంట ఒకటవ్వాలండీ. మీ కోడలు వండింది మీరు తింటారా?"

తింటానని ఒక్క ముక్క అంటే అయిపోయేది.  అబద్ధం ఆమెకి చేతకాదు, నిజం చెప్పడానికి మనసొప్పలేదు. అమ్మ పొయ్యి వైపు తిరిగిపోయింది. నాకు మామ్మ మీద జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి. తింటానంటే నీ సొమ్మేం పోయింది, ఇన్నేళ్ళు తినకుండా ఏం సాధించావు అని అరవాలనిపించింది. 

"పర్లేదమ్మా, ఇది మచ్చుకే" అన్నాడాయన. "అసలు లెక్కలు తర్వాత వస్తాయి. అప్పుడు చెబుదురుగాని." మంచి మనిషే. గోడకి ఆనించి ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. మా ఇంటిని ఎన్ని చేశాడో, నన్ను ఎటు వేశాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ తర్వాత రెండు కుండలూ ఒకే మంట మీద ఉడికాయి. వసారాలో పొయ్యిని మా కోడి ఆక్రమించి గుడ్లు పెట్టింది. వానలు మొదలయ్యాక అమ్మకి జ్వరం పట్టుకుని లేవలేకపోయింది. మామ్మ అందరికీ కలిపి పెద్ద కుండలో, అంటే అమ్మ కుండలోనే, వండింది. వేరుగా ఎందుకని కాబోలు, చిన్న కుండ గూట్లోనే ఉండిపోయింది. అమ్మ కోలుకుని మళ్ళీ వంటకి వచ్చిన మొదటిరోజు, మామ్మ కంచం ముందు పెట్టుకుని మాతోపాటు కూర్చుంది. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది, వడ్డించాలో వద్దో తెలియక.

"పెట్టు, సల్లారిపోతాది" అంది మామ్మ.

మా మతంలోకి వచ్చిందా అంటే రాలేదు. పోయేదాకా ఆమె దేవుళ్ళు ఆమెకున్నారు. కోపమే తీరిందో, ఓపికే తగ్గిందో, ఒక్కర్తివి అన్న ఆ మాటకి లోపల ఏమైందో, ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తేలదు. అడిగితే తిట్టేది, అదీ ఒరియాలో. ఒక్కటి మాత్రం తెలుసు. ఆమె లెక్కలాయన కోసం కాచుకుంది. వీధిలో సంచీ వేసుకున్న మనిషి కనిపిస్తే చాలు, "ఆ గుంటూరాయనేటే?" అని అడిగేది.

అసలు లెక్కలు డెబ్భై ఒకటిలో, ఎండలు ముదురుతున్నప్పుడు వచ్చాయి. గుంటూరాయన రాలేదు, పక్క ఊరి బడిపంతులు వచ్చాడు. తొందరలో ఉన్నాడు. పేర్లు, వయసులు, పుట్టిన ఊళ్ళు గబగబా అడిగాడు. నాన్న వరసగా చెప్పాడు, మామ్మని కూడా కలిపి. అన్నీ రాసేసుకుని లేచి వెళ్ళిపోయాడు. పొయ్యి మాటే రాలేదు.

మామ్మ కర్ర అందుకుని ఆయన వెనకాల వీధిలోకి దిగింది. వెనకే నేను, నా వెనక అమ్మ.

"ఓ బావూ, ఆగు! పొయ్యి సంగతి అడగవేటి?"

"పొయ్యెందుకు మామ్మా? అందరూ ఒకటే కదాని రాసీసినాను."

"అలగ రాసీకు. నన్నడుగు."

పంతులు దిక్కుతోచక మా వైపు చూశాడు. అడగమన్నట్టు తలూపాను. "సరే. వంట ఒకటేనా మామ్మా?" అన్నాడు.

మామ్మ వీధి మధ్యన కర్ర ఊని నిలబడి, ఊరంతా వినేలా చెప్పింది. "ఒకటే. మా కోడలొండుతాది, నాను తింతాను."