ఆరని నీలం రంగు

మొన్న బాన్సువాడలో మా అన్న ఇంటికి వెళ్తే, వాకిట్లో మేనకోడలు ఒక పాత కారుకు రంగు కొడుతూ కనిపించింది. కోటగిరి దగ్గర కోసిన మళ్లల్లో జరిగే పందెంలో తానే నడుపుతుందట. "ఎవడు నవ్వినా దిగ అత్తా, నీ లెక్కనే," అంది. మురిసిపోవలసిన మాటే. నేను మాత్రం మొహం పక్కకు తిప్పుకున్నాను.

మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, వరికోతలై మళ్లు ఎండాక పాత జీపులూ కార్లూ పరుగెత్తించడం అప్పట్లోనూ ఉండేది. నేను డిగ్రీ చదివే రోజుల్లో అన్నా నేనూ ఒక మూలనపడ్డ కారు తెచ్చి, వెనక సీటు పీకేసి, అద్దాలు తీసేసి, బోల్తా కొట్టినా ఊడకుండా తలుపులకు వెల్డింగ్ చేయించాం. ఇక ఎక్కినా దిగినా కిటికీలోంచే. నడిపేది నేనేనని ఇంట్లో నాన్నతో, బయట పందెం పెట్టేవాళ్లతో కొట్లాడి ఒప్పించాను. నోరు నాది అలాంటిది. ఆ నోటితోనే, పందెం ముందురోజు, కారుకు వేసిన నీలం రంగు పలచగా ఉందని ఇంకో పూత వేయించాను. "ఆరది చెల్లె, ఇగ ఇడ్సిపెట్టు," అని అన్న మొత్తుకున్నా వింటేగా!

తెల్లారి అన్న కారు తీస్తే, నేను వెనకాల నాన్న బండి మీద బయల్దేరాను. వర్ని దారి పొడుగునా రోడ్డు మీదే వడ్లు ఆరబోసి తూర్పారపడుతున్నారు. ఏటా కళ్లారా చూసేదే, మా ఇద్దరికీ తట్టనే లేదు. పొట్టూ తాలూ ఎగిరొచ్చి ఆ పచ్చి రంగుకు అతుక్కుని, పొలం చేరేసరికి నా నీలం ఎక్కడా కనబడలేదు.

"ఏందక్కా, కారుకు గొర్రెతోలు కప్పినవా?"

"ఊకో రా, చలి పెడ్తుందేమో దానికి!"

గట్ల మీది కుర్రాళ్లంతా పగలబడి నవ్వారు. మొహం దాచుకోవడానికి గబగబా కిటికీలోంచి లోపలికి దూరాను. నవ్వులు ఇంకా పెరిగాయి. దిగిపోయి, అన్ననే నడపమందామనుకున్నాను. అప్పుడు చూసుకున్నాను, తెల్ల చుడీదార్ ఛాతీ నుంచి మోకాళ్ల దాకా నీలం, దాని మీద పొట్టు. అంతమంది మగాళ్ల ముందు ఆ అవతారంతో దిగడమా? తల వంచుకుని అలాగే కూర్చున్నాను. జెండా ఊపారు, నడిపాను, అందరికన్నా వెనక వచ్చాను. జనం వెళ్లిపోయేదాకా దిగలేదు.

"గంత నవ్వినా దిగలే సూడు పోరి, గట్టిది!" అన్నారు. వద్దన్న నాన్నే ఆ మాట బజారంతా చెప్పుకున్నాడు. మరుసటి ఏడు ఇంకో అమ్మాయి నడపడానికొస్తే ఎవరూ అడ్డు చెప్పలేదు. ఎవరేమన్నా తప్పు పట్టి సరిదిద్దే నేను, ఆ ఒక్క మాటను మాత్రం ఇన్నేళ్లూ సరిదిద్దలేదు.

రోడ్ల మీద వడ్లు ఇప్పటికీ ఆరుతూనే ఉన్నాయి. రంగులే మారాయి. మేము చాయ్ తాగి వచ్చేలోపే మేనకోడలి కారు ఆరిపోయింది. వేలు ఆనించి, అంటుకోని ఆ వేలును గర్వంగా నాకు చూపించింది.

ఆ రోజు నా చుడీదార్‌కూ రంగు ఇలాగే అంటకపోయి ఉంటే, నేను దిగిపోయేదాన్ని.