అడగకముందే లేదన్న పెద్దమనిషి

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి పెందుర్తిలో బస్సెక్కిన రోజు నాది అందరూ జాలిపడే ర్యాంకు. ఆడవాళ్ల సీట్లో కూర్చున్న ఒక పెద్దమనిషి, ముక్కూ మొహం తెలియని నన్ను ర్యాంకెంతని అడిగాడు. చెప్పాను.

"దీనికి ఇంజినీరింగ్ ఎక్కడొస్తుందమ్మా? వెళ్లి బీయస్సీలో చేరు," అన్నాడు.

ఇంత నోరున్న నేను అందుకునేలోపే, పక్కన ఖాళీ తట్టతో నిలబడ్డ చేపలమ్మే ఆవిడ అందుకుంది.

"నేదనాలంటే ఆ కాలేజీవోలంటారు. ఆల కన్నా ముందు నువ్వంటన్నావేటి బాబూ? లెగు, పిల్లని కూకోనీ."

లేచాడు. కూర్చున్నాను.

కౌన్సెలింగ్‌లో నా పేరు పిలిచేసరికి సాయంత్రమైంది. ఊరంతా ఉక్కు ఫ్యాక్టరీ పేరే అయినా ఎవరూ ఎంచుకోని లోహాల చదువు, మెటలర్జీ, మిగిలింది. దర్జాగా తీసుకున్నాను.

ఇప్పటికీ పిల్లల ర్యాంకు విని పెదవి విరిచేవాళ్లని, మా ఇంట్లో అయినా సరే, ముందు కుర్చీలోంచి లేపుతాను.